దొరసాని నడక తుపాకి

మా ఆయన ఒక పరాయి ఆడమనిషి కోసం ఐదు నెలలపాటు తుపాకికి చెక్క చెక్కారు. ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో నాకోసం ఆయన చేసిపెట్టింది ఒక్క పనసచెక్క పీట. ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి చూసుకుంటే ఏ ఆడదానికైనా కడుపు మండుతుంది. నాకూ మండింది. మండలేదని రాస్తే అబద్ధం అవుతుంది, అబద్ధాలు రాసి కాగితం పాడుచేయడం నాకిష్టం లేదు.

అప్పట్లో మేము అర్కాన్సాలో ఉండేవాళ్ళం, బెంటన్‌విల్‌కి కారులో అరగంట. మా అమ్మాయి నర్సు. పంతొమ్మిదివందల డెబ్భైల చివర్లో అక్కడి ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చి, రెండేళ్ళు తిరిగేసరికి మమ్మల్నీ పిలిపించుకుంది. ఆయన అప్పటికే రైల్వే వర్క్‌షాపులో రిటైరయ్యారు. ఇనుము పోతపోసే ముందు ప్రతి సామానుకీ చెక్కతో నమూనా చెయ్యాలి కదా, ఆ నమూనాల వడ్రంగి ఆయన. వెంట్రుకవాసి తేడా వస్తే ఒప్పుకునే మనిషి కాదు. నాది మిషన్ బడిలో మూడో తరగతి చదువు. తెలుగు చదువుతాను, లెక్క నోటితో కడతాను. ఇంగ్లీషు అక్షరాలు విడివిడిగా తెలుసు, కలిపి చదవడం రాదు.

అమ్మాయీ అల్లుడూ డ్యూటీకి, మనవరాలు బడికీ పోతే ఇంట్లో మేమిద్దరమే. నాకు వంటా, పెరటి మడులూ ఉన్నాయి. ఊరినుంచి విత్తనాలు కొంగున కట్టుకుని తెచ్చి గోంగూర, బెండ, చిక్కుడు వేశాను. ఆయనకి పనిముట్టు లేదు. మూడేళ్ళు కిటికీ దగ్గర కూర్చుని రోడ్డు మీద పోయే కార్లు లెక్కపెట్టారు. ఆ మనిషికి చెయ్యి దురద అని నాకు తెలుసు. అడిగితే మాత్రం "నాకేం, హాయిగా ఉన్నాను" అనేవారు.

మా పెరటి కంచెకి అవతల దొరసాని పొలం. నా ఈడుదే, మొగుడు పోయి మూడేళ్ళయింది. ముప్పై ఆవులు, ఒక పాత ట్రాక్టరు, ఒక్కతే ఉంటుంది. మనిషి ఆరడుగులకి రెండంగుళాలు తక్కువ. ప్యాంటు వేసుకుని, మగవాడిలా పెద్ద అంగలు వేస్తూ నడుస్తుంది. ఆ అంగల వెనక మా ఆయన, ఆయన వెనక నేను పరుగెత్తిన రోజులున్నాయి. అవి ముందు ముందు వస్తాయి.

మా ఇద్దరికీ ఒకటే శత్రువు. గ్రౌండ్‌హాగ్ అంటారు దాన్ని. మన పందికొక్కుకి పెద్దమ్మ కొడుకనుకోండి, పిల్ల పంది అంత ఉంటుంది. నా చిక్కుడు తీగల్ని మొదలంటా కొరికేది. దొరసాని పొలంలో అయితే బొరియలు తవ్వేది. ఆ ఏడాది వానాకాలంలో ఆవిడ దూడ ఒకటి బొరియలో కాలు పెట్టి విరగ్గొట్టుకుంది. దాన్ని వాళ్ళాయన తుపాకితోనే కాల్చాల్సి వచ్చింది. మర్నాడు కంచె దగ్గర నిలబడి మా ఆయనతో చెప్పుకుంది. ఆవిడ మాటల్లో సగం నాకు అర్థమయ్యేవి, మిగతాది ఆయన చెప్పేవారు. ఇక్కడ అంతా తెలుగులోనే రాస్తున్నాను.

"మా ఆయన తుపాకి మంచిదే హనీ, కానీ పదమూడు పౌన్ల బరువు. ట్రక్కు ముందు ఆనించి కాల్చడానికి చేయించుకున్నాడు. ట్రక్కు వెళ్ళలేని గుట్టల మీదే ఈ దొంగలంతా ఉన్నారు. నడుస్తూ మోసుకుపోయే తుపాకి ఒకటి కావాలి నాకు. నా కొలతకి."

నేను విన్నది ఒక్క ముక్కే. సాయంత్రం అమ్మాయి రాగానే అడిగాను.

"హనీ అంటే ఏమిటే?"

"తేనె."

"తేనె అని పరాయి మొగుణ్ణి పిలుస్తారా?"

"అమ్మా, ఇక్కడ అందరూ అందర్నీ అలాగే అంటారు. పేషెంట్లు నన్నూ అంటారు. దీన్ని ఇష్యూ చెయ్యకు. ఆవిడ నిన్నూ హనీ అనే పిలుస్తుంది కదా!"

"నన్ను పిలిస్తే ఫరవాలేదు."

ఆయన పక్కనుంచి నవ్వారు. "ఏమే, నా పళ్ళు సగం రాత్రికి గ్లాసులో ఉంటాయి. నన్ను చూసి నీకు అసూయేమిటే?"

"పళ్ళు చూసి కాదు, మీరు ఇవాళ నవ్వినన్నిసార్లు మూడేళ్ళలో నవ్వలేదు, అది చూసి."

దొరసాని షెడ్డులో వాల్‌నట్ పలక ఒకటి ఉంది. పిడుగు పడి కూలిన చెట్టు నుంచి వాళ్ళాయన తనే కోసి అటక మీద పెట్టాడు, ఏడేళ్ళ నుంచి ఆరుతోంది. తుపాకి వెనక, భుజానికి ఆనించే కొయ్యని స్టాక్ అంటారట. దానికి ఆ పలకే వాడాలని ఆవిడ పట్టు. గొట్టమూ, మీటా, ఇనపపని అంతా ఊళ్ళో తుపాకులు చేసే అతను బిగించి ఇస్తాడు. కొయ్యపని మాత్రం బాగా తెలిసిన చేతులు కావాలంది. మా ఆయన ఆ పలక మీద బొటనవేలుతో రాసి, వాసన చూసి, వేలిగణుపుతో కొట్టి విన్నారు. ఆ రోజు రాత్రి అన్నం మారు అడిగారు. నేను వండిన పప్పు రోజూ అదే పప్పు. మూడేళ్ళలో మారు అడగలేదు.

ఇక అక్కడినుంచి మొదలయింది ఎంపిక. పెళ్ళి సంబంధం చూసినట్టు ఒక్కొక్క సంగతీ చూశారు. సరుకుల సంచీని చింపి పరిచి, ఆ గోధుమరంగు కాగితం మీద ఆయన బొమ్మలు గీసేవారు. గొట్టం పొడవు ఇరవై రెండంగుళాలా, ఇరవై నాలుగా? పొట్టిదైతే కంపల్లో తగలదు, పొడుగుదైతే గురి నిలుస్తుంది. సన్నగా ఉండాలా, లావుగా ఉండాలా? సన్నదైతే నాలుగు తూటాలకి వేడెక్కి వంకర పోతుందట. లావుదైతే మోయలేరు. నాకు పెళ్ళయిన కొత్తలో ఇల్లు కట్టుకున్నాం. వంటింట్లో గూడు ఎక్కడ కావాలని ఒక్క మాట అడగలేదు ఈయన. నాకు అందని ఎత్తులో కట్టించి ముప్పై ఏళ్ళు ముక్కాలిపీట ఎక్కించారు. దొరసానికి మాత్రం తుపాకిని భుజాన వేసుకునే పటకా ఏ వైపు తగిలించాలని మూడు బొమ్మలు.

అందుకే నేనూ వెంట వెళ్ళడం మొదలుపెట్టాను. పిలవలేదు, వెళ్ళాను. చేతిలో చిక్కుడుకాయలో, ఉన్నిబుట్టో పట్టుకుని షెడ్డులో ఒక మూల డబ్బా మీద కూర్చునేదాన్ని. ఇద్దరూ మాట్లాడుకుంటుంటే ఈనెలు తీసేదాన్ని.

తూటా దగ్గర ఇద్దరికీ పేచీ వచ్చింది. ఆయనకి పెద్దది కావాలి, కాల్చబోయేది ఆయన కాకపోయినా. ఆవిడ చిన్నది చాలంది, పెద్ద చప్పుడుకి ఆవులు బెదురుతాయట. రెండు రోజులు వాదించుకున్నారు. మూడో రోజు నేను అడిగాను, "ఆవిడ మొగుడి తుపాకికి ఏ తూటా?" అని. ట్రిపుల్ టూ అన్నారు, అంటే వరసగా మూడు రెళ్ళు. చిన్నదే. ఆ తూటాలు ఎన్ని ఉన్నాయని అడిగాను. దొరసాని ఒక అలమర తలుపు తీసి చూపించింది. నిండా డబ్బాలు. కాల్చేసిన తూటాల ఖాళీ డొప్పల్లో మళ్ళీ మందు కూరే సామానుతో సహా.

"ఇంట్లో ఇన్ని పెట్టుకుని ఇంకో రకం కొనడం దేనికండీ? గిద్దెడు నెయ్యి ఇంట్లో ఉండగా నూనె అప్పుకి పోయినట్టు," అన్నాను. ఆయన అదేదో ఇంగ్లీషులో చెప్పారు. దొరసాని తొడ చరిచి నవ్వి, "హనీ, నువ్వు చెప్పిందే రైటు" అంది. నాకు సంతోషం వేసింది, కాదనను. వెంటనే నా మొగుడి ముఖం చూశాను. ఆయన నన్ను చూడటం లేదు. దొరసాని నవ్వు చూస్తున్నారు.

బరువు సంగతి కూడా నావల్లే తేలింది. కాగితం మీద ఎనిమిది పౌన్లని రాసుకున్నారు, ఏడు చాలేమోనని కొట్టేశారు, తొమ్మిదైతే గురి కదలదని మళ్ళీ రాశారు. తుపాకి మోయడానికి తేలిగ్గా ఉండాలి, గురిపెట్టడానికి బరువుగా ఉండాలి. రెండూ ఒకేసారి ఎలా కుదురుతాయి? మోసి చూడకుండా బరువు తెలుస్తుందా ఎక్కడైనా? ఇంటికి పోయి చీపురు కర్ర ఒకటి, బియ్యం పోసిన చిన్న గుడ్డ సంచులు నాలుగు తెచ్చాను. కర్రకి సంచులు కట్టి, అమ్మాయి బాత్రూములో ఉండే తూకం మీద చూసి, తొమ్మిది పౌన్లు చేసి దొరసాని భుజాన వేశాను. "నడువు" అన్నాను తెలుగులోనే. అర్థమయింది.

ఆవిడ ముందు, ఆయన మధ్యలో, నేను చివర. గుట్టలన్నీ ఎక్కి దిగాం. ప్రతి గుట్ట మీదా ఆవిడ ఆగి, ఆయాసపడుతూ కర్రని గురిపెట్టేది. ఆయన పక్కన నిలబడి కర్ర కొస కదులుతోందా లేదా అని చూసేవారు. తొమ్మిదికి ఆవిడ మెడ పట్టేసింది. ఏడుకి కర్ర కొస గాలికి ఊగింది. మర్నాడు ఎనిమిది. ఎనిమిదితో రెండు గంటలు తిరిగొచ్చి ఇంకా మాట్లాడుతూనే ఉంది. తుపాకి మీద బిగించే దుర్భిణితో, పటకాతో, తూటాలతో కలిపి ఎనిమిదే అని ఖాయం చేశారు. దుర్భిణి విషయంలో ఆయన పెద్దది, దూరాన్ని పన్నెండింతలు దగ్గర చేసేది అన్నారు. ఆవిడ ఆరింతలది చాలంది. నడిచొచ్చిన మనిషి గుండె కొట్టుకుంటూ ఉంటుంది, పెద్దదాంట్లో ఆ గుండె దడ కూడా పెద్దదై కనిపిస్తుందట. ఈ మాట మాత్రం నాకు బాగా నచ్చింది. అంతలోనే కోపం వచ్చింది, ఇంత బాగా మాట్లాడే మనిషితో రోజూ మూడు గంటలు గడిపి వచ్చే మొగుడికి నా మాటలు రుచిస్తాయా అని.

బియ్యం తిరిగి డబ్బాలో పోసేశాను. గింజ పోలేదు.

నవంబరులో చలి మొదలయ్యేసరికి పలక తుపాకి ఆకారానికి వచ్చింది. వెనక కొస మాత్రం ఇంకా పొడుగ్గా వదిలేశారు. అది కొయ్యాలంటే మనిషి కొలత కావాలి. మోచేతి మడత నుంచి చూపుడువేలి మొదటి కణుపు దాకా ఎంత ఉంటే, మీట నుంచి కొయ్య చివరికి అంత ఉండాలి. అది తప్పితే మిగతా ఎంపికలన్నీ బూడిదలో పోసినట్టేనని ఆయనే చెప్పారు.

"రేపు ఆవిడ చెయ్యి కొలవాలి," అన్నారు అన్నం తింటూ.

"నేను కొలుస్తాను."

"నీకెందుకే, టేపు ఉంది కదా."

"టేపు పట్టుకుని పరాయి ఆడదాని మోచెయ్యి తడుముతారా మీరు? నేనుండగా?"

"కొలతే కదా!"

"ముప్పై ఎనిమిదేళ్ళలో నా గాజుల కొలతైనా తెలుసా మీకు?"

ఆయన మజ్జిగ పోసుకున్నారు. అంటే ఒప్పుకున్నట్టు.

మా ఊళ్ళో దర్జీ మగవాడు. ఆడవాళ్ళు అతని ముందు నిలబడి కొలతలు ఇచ్చేవాళ్ళు కారు. ఇంట్లోనే నూలుదారంతో కొలుచుకుని, కొలత దగ్గర ముడి వేసి, ఆ దారం పంపేవాళ్ళం. దారం వృథా కాకుండా ఒకే దారం మీద నలుగురి ముడులు ఉండేవి. మా అమ్మ ముడి మొదటిదా, మా అక్క ముడి మొదటిదా అన్నది దారం తీసుకుపోయేవాళ్ళు నోటితో చెప్పేవాళ్ళు. నేనూ అలాగే దారం పట్టుకుని వెళ్ళాను. దొరసాని చొక్కా చేతులు మడిచి మోచెయ్యి వంచింది. మచ్చలు పడ్డ తెల్లటి చెయ్యి, ఎంతకీ తరగదు. ముడి వేశాను.

ఇంటికొచ్చాక ఎందుకో అదే దారం నా చేతికి పెట్టి చూసుకున్నాను. ఎందుకో అని రాయడం కూడా సరికాదు, ఎందుకో నాకు తెలుసు. ఎవరిది ఎంత అని చూసుకోవాలనిపించింది. నాది అంగుళంన్నర తక్కువ. అక్కడ కూడా ఒక ముడి వేశాను. అలవాటు. ఒక దారం, రెండు ముడులు. దగ్గరది నాది, దూరంది ఆవిడది.

మర్నాడు షెడ్డులో దారం ఆయన చేతికిచ్చాను. దొరసాని ఆవులకి గడ్డి వేయడానికి పోయింది. ఆయన దారం కొస మీట వచ్చే చోట పెట్టి, కొయ్య మీద లాగి పట్టి, మొదటి ముడి దగ్గర పెన్సిలు గీత గీశారు. మిగిలిన దారం వేలికి చుట్టేసుకున్నారు. రెండో ముడి ఆ చుట్టలోకి పోయింది.

నేను చూశాను. ఆయనకి ఎదురుగా, చేతిలో ఫ్లాస్కు మూత నిండా టీతో నిలబడి ఉన్నాను.

చెప్పడానికి నోరు తెరిచాను. అప్పుడే ఒక ఆలోచన వచ్చింది. ఆగి చూద్దాం అనుకున్నాను. ఈయన ఈ గీత చూసి, "ఇదేమిటి, ఇంత పొట్టి చెయ్యా? ఇది నీ చెయ్యిలా ఉందే" అంటారేమో. వెంట్రుకవాసి తేడా పట్టే కన్ను కదా. నా చేతి అన్నం ముప్పై ఎనిమిదేళ్ళు తిన్న మనిషి. అంటారని ఎదురుచూశాను. ఆయన రంపం తీసుకున్నారు. ఒక కోత. రెండో కోత. పొట్టు రాలుతోంది. ఇప్పుడైనా అంటే ఆపొచ్చు అనుకున్నాను. ఆయన కన్ను గీత మీదనుంచి కదల్లేదు. అప్పుడు నా లోపల ఏదో గట్టిపడింది. పోనీ, తప్పే పోనీ, ఆవిడ భుజానికి కుదరకే పోనీ అనుకున్నాను. ముక్క ఊడి కింద పడింది.

ఆయన పొట్టు దులుపుకోవడానికి బయటికి వెళ్ళారు. నేను ముక్క తీసుకున్నాను. దాని మీద దుమ్ము కింద పెన్సిలుతో ఏవో ఇంగ్లీషు అక్షరాలు. ధరో, లెక్కో అనుకున్నాను. షెడ్డులో ఇనపపొయ్యి మండుతోంది. తలుపు తీసి లోపల వేశాను. పనికొచ్చే చెక్కని నా జన్మలో పొయ్యిలో వేసింది ఆ ఒక్కసారే. పాత రేకు డబ్బా కూడా పారెయ్యను నేను.

తర్వాత పది రోజులు ఆయన గరుకుకాగితం రుద్దారు, నూనె పట్టించారు. మెరుగు వద్దని దొరసాని ముందే చెప్పింది, ఎండకి మెరిస్తే గ్రౌండ్‌హాగ్ పసిగడుతుందట. నూనె మీద నూనె వేసి, అరచేతితో రుద్ది, మసకగా, నేరేడుపండు రంగుకి తెచ్చారు. రోజూ చెబుదామనుకునేదాన్ని. రోజూ ఆయన చెయ్యి ఆ కొయ్య మీద తిరగడం చూసి నోరు కుట్టేసుకునేదాన్ని. ప్రార్థనలో కళ్ళు మూసుకుంటే పొయ్యి తలుపు కనిపించేది.

ఇనప సామాను తయారై ఊళ్ళో అతని దగ్గర్నుంచి వచ్చింది. బిగించారు. ఒక శనివారం పొద్దున దొరసాని తల దువ్వుకుని మరీ వచ్చింది షెడ్డుకి. తుపాకి ఎత్తి భుజాన పెట్టుకుంది. ముక్కు దుర్భిణికి తగిలింది. మోచెయ్యి పొట్టలోకి ముడుచుకుంది. దించి, మళ్ళీ ఎత్తింది. మంచిమనిషి, ఏదో ఒకలా సర్దుకుందామని మెడ వంచి చూసింది. పొడుగాటి మనిషి పిల్లల కుర్చీలో కూర్చున్నట్టుంది.

ఆయన తుపాకి తీసుకున్నారు. టేపు పెట్టి చూశారు. "పన్నెండుముప్పావు. ముడి దగ్గరే కోశాను కదా!" చుట్ట చుట్టినట్టే మేకుకి తగిలించిన దారం తీసి చాచారు. రెండు ముడులూ కనిపించాయి.

"ఈ రెండోది ఎవరిది?"

"ఆవిడది," అన్నాను.

"మరి మొదటిది?"

"మొదటిది ఎవరిదో తెలీదా మీకు?"

ఆయనకి అప్పుడు తెలిసింది. దారం వంకా, నా చెయ్యి వంకా చూశారు. దొరసానికి తెలుగు రాకపోయినా సంగతి అర్థమయినట్టే ఉంది. "పోనీలే, తప్పులు అందరూ చేస్తారు," అంది మెల్లగా. "కోసిన ముక్క ఉంటుందిగా, అతికిద్దాం. ఆ ముక్క ఎలాగూ దాచుకోవాలనుకున్నాను. దాని మీద మా ఆయన రాత ఉంది."

ఆయన బల్ల కింద వెతికారు. నేను పొయ్యి వైపు వేలు చూపించాను. వేలు చూపిస్తే సరిపోదనిపించి, "నేనే వేశాను. కావాలనే," అన్నాను. ఆయన దాన్ని ఇంగ్లీషులో చెప్పడానికి చాలాసేపు పట్టింది.

దొరసాని తుపాకి బల్ల మీద పెట్టింది. "ఏం రాశాడో తెలుసా? 'నా పొడుగు చేతుల పిల్లకి' అని. నన్ను అలాగే పిలిచేవాడు." ఇంట్లోకి పోయి తలుపు వేసుకుంది, చప్పుడు కాకుండా. దఢేలున వేసినా బాగుండేది.

ఆయన ఇంటికొచ్చి బూట్లు విప్పుతూ అన్నారు, "నోరుందిగా నీకు. చెప్పకపోయావా?"

"మీరు గుర్తుపడతారని చూశాను."

"దారం చూసి చెయ్యి గుర్తుపడతారా ఎవరైనా?"

"ఆ పోయినాయనకి చెక్క చూస్తేనే పెళ్ళాం చేతులు గుర్తొచ్చాయిగా. ఏ దారమూ లేకుండా రాసిపెట్టి పోయాడుగా."

ఆయన బూట్లు గోడవార పెట్టి లోపలికి పోయారు. నేను ఆ మాట అన్నది గెలవడానికి. గెలిచాక చూసుకుంటే, చచ్చిపోయినవాడి చేతిరాత మీద కూడా అసూయపడ్డ దాన్ని నేను, ఆ రాత కాల్చిందీ నేనే.

వారం రోజులు దొరసాని కంచె దగ్గరికి రాలేదు. ఆయన మళ్ళీ కిటికీ దగ్గర కూర్చున్నారు. కార్లు కూడా లెక్కపెట్టలేదు.

ఎనిమిదో రోజు పొద్దున నా పీట బయటికి తీశాను. పెళ్ళయిన ఏడాది వర్క్‌షాపులో మిగిలిన పనసచెక్కతో ఆయన చేసింది. రెండంగుళాల మందం, పసుపుకొమ్ము రంగు. అమెరికా వచ్చేటప్పుడు పెట్టెలో పచ్చడి జాడీలు తీయించి దీన్ని పెట్టించాను. అమ్మాయి ఎంత గోల చేసిందో. ఇక్కడి వంటింట్లో కూడా నేను దీని మీద కూర్చునే గోంగూర వలిచేదాన్ని. దాన్ని చంకన పెట్టుకుని కంచె దాటి, దొరసాని తలుపు కొట్టాను.

తీసింది. పీట ఆవిడ చేతిలో పెట్టి, కొస మీద వేలితో అడ్డంగా గీత గీసి, రంపంలా చెయ్యి ఆడించాను. "హజ్బెండ్ మేడ్. ఫర్ మీ," అన్నాను. నాకొచ్చిన ఇంగ్లీషు అంతే.

ఆవిడ పీట తిప్పి చూసింది. వేలిగణుపుతో కొట్టి వింది. నా వంక చూసింది. "ఆర్ యూ షూర్?" అని అడిగింది. ఈసారి హనీ అనలేదు. తల ఊపాను. ఖాయం కాదు నాకు. అయినా ఊపాను.

ఆయన పీట కొస కోస్తున్నప్పుడు నేను అక్కడే నిలబడ్డాను. ఈసారి రెండో ముడి నేనే కొయ్య మీద వేలితో నొక్కి పట్టుకున్నాను. అంగుళంన్నర పనసముక్క, లోపల రెండు చెక్కమేకులు దిగ్గొట్టి, జిగురు పెట్టి, వాల్‌నట్ చివర అతికారు. నల్లచీరకి పసుపు అంచు వేసినట్టయింది. ఆవిడ తుపాకి ఎత్తి భుజాన పెట్టుకుంటే చెంప ఎక్కడుండాలో అక్కడ ఉంది, కన్ను దుర్భిణి వెనక నిలిచింది. దొరసాని కళ్ళు తుడుచుకుంది. నేను చూడనట్టు ఊరుకున్నాను.

పొయ్యిలో వేసింది తిరిగి రాలేదు. అది ఆవిడ మర్చిపోయిందని నేననుకోను. కానీ మార్చిలో గుట్టలు పచ్చబడగానే, ఎనిమిది పౌన్లూ భుజాన వేసుకుని, మూడు మైళ్ళు నడిచొచ్చి, నా చిక్కుడు పందిరి అవతల గట్టు మీద కూర్చుని ఒక్క తూటాతో మా దొంగని పడగొట్టింది. ఆ ఏడాది గోంగూర తెంపలేక చేతులు నొప్పిపుట్టాయి. ఆవిడకీ ఒక సీసాడు పచ్చడి పంపాను. కారం అని కబురు చేసింది. సీసా మాత్రం కడిగి, ఖాళీగా పంపింది.

అసూయ పోయిందా అని అడుగుతారేమో. ఎక్కడికి పోతుంది? ఆవిడ గుట్ట ఎక్కుతుంటే కిటికీలోంచి చూసేదాన్ని. నా పీట ముక్క ఆవిడ భుజం మీద ఊళ్ళు తిరుగుతోంది, నేను మిగిలిన కురచ పీట మీద ఒక పక్కకి ఒరిగి కూర్చుంటున్నాను అనుకునేదాన్ని. ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు అనుకున్నాను.

ఆ ఏప్రిల్‌లోనే ఒక రోజు మడుల్లో పార కామ, అదే చేతికర్ర, విరిగింది. కొత్తది కొనక్కర్లేదు, పాతదే కట్టుకుంటానన్నాను. ఆయన దొరసాని షెడ్డునుంచి ఒక కర్ర పట్టుకొచ్చి, జేబులోంచి టేపు తీశారు.

"చెయ్యి చాపు."

"దేనికి?"

"కామకి కొలత."

పార కామకి మోచేతి కొలత దేనికి? ఆ మాత్రం నాకూ తెలుసు. "దారం ఉందిగా మేకుకి. మొదటి ముడి నాది," అన్నాను.

"దారం వద్దు. పన్నెండుముప్పావు," అన్నారు, టేపు ఇంకా తెరవకుండానే.

తెలిసినప్పుడు మళ్ళీ కొలవడం దేనికని అడగబోయాను. మట్టి చెయ్యి చీరకి తుడుచుకుని, మోచెయ్యి వంచి పట్టుకున్నాను. ఆయన అద్దాలు సర్దుకుని, మడత దగ్గర టేపు ఆనించి, తొందరేమీ లేనట్టు వేలి కణుపు దాకా లాగారు.